నాలుగు రాడ్లు, ఒక ప్యాకింగు

మా తేమ కొలతల శాఖ పేరు మీలో చాలామంది విని ఉండరు. అది మీ తప్పు కాదు. గాలిలో తేమ ఎంత ఉందో పూటపూటా కొలిచి, ఆ అంకెను పై ఆఫీసుకు పంపడం మా పని. కాకినాడ ప్రాంతీయ కార్యాలయంలో ఆ అంకె ఎప్పుడూ ఎక్కువే ఉంటుంది. పార్వతీపురం శాఖలో తక్కువ ఉంటుంది. ఎక్కువుందని కొందరం, తక్కువుందని కొందరం ఏళ్ల తరబడి తెలియజేస్తూనే ఉన్నాం. ఇంతవరకు ఎవరూ కాదనలేదు.

నా పేరు తవిటినాయుడు. కాకినాడ ఆఫీసులో స్టోర్‌కీపర్ని. మా ఆవిడ హైమావతి పార్వతీపురంలో బడిలో టీచరు. మా అమ్మాయి మోక్షిత అదే బడిలో ఒకటో తరగతి. వారమంతా కాకినాడలో గడిపి, శనివారం సాయంత్రం సామర్లకోటలో రైలెక్కి, విజయనగరంలో దిగి, బస్సు పట్టుకుని ఇల్లు చేరేవాణ్ణి. ఆదివారం చీకటి పడేలోగా మళ్లీ సంచీ సర్దుకునేవాణ్ణి. బడిలో చేర్చిన రోజున తండ్రి పేరడిగితే మా అమ్మాయి ఏమాత్రం తడుముకోకుండా 'శనివారం నాన్న' అని చెప్పిందట. రాసుకునే టీచరు వాళ్లమ్మే కాబట్టి సరిపోయింది. ఆ పేరు వదిలించుకోవడానికి నేను పెట్టుకున్న బదిలీ అర్జీలతో ఒక బస్తా నింపొచ్చు.

ఇక కారు సంగతి. మా సంయుక్త సంచాలకులు కంభంపాటి శేషశయనం గారికి, అంటే మా జేడీ గారికి, శాఖ ఒక టర్బో కారు ఇచ్చింది. టర్బో అంటే ఇంజను వదిలే పొగతోనే ఒక చిన్న చక్రాన్ని తిప్పి, ఆ చక్రంతో ఇంజనులోకి గాలి కుక్కే ఏర్పాటు. గాలి మా శాఖకు సంబంధించిన విషయమే కాబట్టి జేడీ గారికి ఆ కారంటే మహా మక్కువ. కంపెనీ వాళ్లు కుక్కిన గాలి చాలదని ఎవరి చేతనో కారుకు లాప్‌టాప్ తగిలించి, సెట్టింగులు మార్పించి, ఇంకాస్త కుక్కించారు. ఒకరోజు అన్నవరం దాటాక కోళ్ల వ్యానును ఓవర్‌టేక్ చేయబోతుండగా, లోపలెవరో ఇరుక్కుని తలుపు బాదుతున్నట్టు ఇంజనులోంచి చప్పుడొచ్చింది. కోళ్ల వ్యాను ముందుకెళ్లిపోయింది. ఆ అవమానం జేడీ గారు చాలాకాలం మర్చిపోలేదు.

కాకినాడ ఆటోనగర్‌లో మెకానిక్కు జిలానీ షెడ్డుకి కారును లాగించుకుపోయాం. జిలానీ ఇంజను విప్పి చూసి, "కనెక్టింగ్ రాడ్డు వంగిపోయిందండి," అన్నాడు. "కంపెనీ రాడ్డు కంపెనీ గాలికే ఆగుద్ది. మీరు కుక్కించిన గాలికి ఎలా ఆగుద్దండి? మళ్లీ అదే వేస్తే మళ్లీ వంగుద్ది. బయట గట్టివి దొరుకుతాయి, కొట్టి చేసిన ఉక్కువి. నాలుగూ అవే వేసుకోండి."

కనెక్టింగ్ రాడ్డంటే పెద్ద బ్రహ్మవిద్యేం కాదు. పైన పిస్టను కిందికీ పైకీ ఊగుతుంది. కింద క్రాంకు గుండ్రంగా తిరుగుతుంది. ఈ రెండింటి మధ్యా నిలబడి, పైవాడి తోపుడు కిందివాడికి అందించేదే రాడ్డు. ఆఫీసులో అటెండరు లాంటిదన్నమాట. అది వంగిందంటే ఇద్దరూ ఆగిపోతారు.

అది మార్చి నెల. మరమ్మతుల పద్దు ఎప్పుడో ఖాళీ అయింది. శాశ్వత ఆస్తుల కొనుగోలు పద్దులో మాత్రం నిధులు మిగిలాయి, నెలాఖరుకి ఖర్చు కాకపోతే అవి వెనక్కి పోతాయి. జేడీ గారు కళ్లు మూసుకుని ఆలోచించి, "ఈ రాడ్లను మరమ్మతుగా భావింపరాదు. ఇవి ఆస్తి," అని ప్రకటించారు. ఆ ఒక్క మాటతో ఆ నాలుగు రాడ్లూ బల్లలు, కుర్చీలు, బీరువాల సరసన చేరిపోయాయి. ఆస్తి అన్నాక దానికొక సంరక్షకుడు ఉండాలి. అది నేను. ఆస్తి అన్నాక దానిమీద తెల్ల పెయింటుతో నంబరు రాయాలి. అదీ నేనే.

నేను పెయింటు డబ్బా, సన్న కుంచె పట్టుకుని షెడ్డుకి వెళ్లేసరికి జిలానీ కొత్త రాడ్లను బంగారం తూచే కాటా మీద ఒక్కొక్కటే పెట్టి తూస్తున్నాడు. ఏ రాడ్డు రవ్వంత బరువెక్కువ ఉంటే దాన్ని అరగదీసి మిగతావాటికి సమానం చేస్తున్నాడు.

"తేడా ఉంటే ఇంజను వణుకుద్దండి," అన్నాడు.

"వీటిమీద నంబర్లు రాయాలి జిలానీ."

అతను కుంచె వంక చూసి నా వంక చూశాడు. "దేనిమీదండి?"

"రాడ్ల మీద. తే.కొ.శా. నాలుగు వందల పదకొండు నుంచి పద్నాలుగు దాకా."

"నూనెలో మునిగి తిరిగేదండి ఇది. పెయింటు ఒక్క పూటుండదు."

"పోనీ ఉలితో చెక్కించేద్దామా?"

జిలానీ చేతిలో రాడ్డును గబుక్కున ఒళ్లోకి లాక్కున్నాడు. "గీత పడిన చోటే విరుగుద్దండి. అంతగా చెక్కాలంటే నా షెడ్డు గోడ మీద చెక్కుకోండి."

చివరికి పెయింటే ఖాయమైంది. అయితే ఒకట్లు సన్నగా ఉండడం వల్ల 411కి మిగతావాటికన్నా పెయింటు తక్కువ పట్టింది. జిలానీ మళ్లీ కాటా ఎక్కించి చూసి, నాతో వేళాకోళంగానే, దాని చివర ఒక చుక్క పెట్టమన్నాడు. పెట్టాను. ప్రభుత్వ సేవలో నేను అంత కచ్చితంగా చేసిన పని ఇంకొకటి లేదు.

ఆ పైన జిలానీ ఒక్కో రాడ్డు పై కంట్లో, అంటే పైనున్న రంధ్రంలో, పిస్టను పిన్ను దూర్చి, కింది కంట్లో బేరింగు చిప్పలు పరిచి, నూనె పూసి, క్రాంకు మీద కూర్చోబెట్టాడు. కింది కంటిని మూసే టోపీలను ఏ రాడ్డువి ఆ రాడ్డుకే పెట్టి బోల్టులు బిగించాడు. బిగువు సరిపోగానే టిక్కుమనే పాన ఒకటుంది అతని దగ్గర. టిక్కు వినబడినప్పుడల్లా నేను తలూపాను, సంరక్షకుణ్ణి కదా. ఇంజను స్టార్టు చేస్తే మెత్తగా, పిల్లి గురకలా నడిచింది. ఆ రోజు మొదలు జేడీ గారిని ఏ కోళ్ల వ్యానూ దాటలేదు.

కొన్నాళ్లు హాయిగా గడిచాయి. తర్వాత మాకు పారదర్శకత వచ్చింది.

రాజధాని నుంచి సర్క్యులరు దిగింది: "ప్రభుత్వ ఆస్తి యావత్తును కంటికి కనబడునట్లు ఉంచవలెను. కంటికి కనబడని ఆస్తి లేనట్లుగా పరిగణింపబడును." గోడల నిండా 'కనబడితేనే ఉన్నట్టు' అని బోర్డులు వెలిశాయి. బీరువాల తలుపులు ఊడదీసి, ఆ తలుపులను పక్కన నిలబెట్టి విడిగా చూపించాం. మంచినీళ్ల సంపు పైకప్పు పగలగొట్టాం. మరుగుదొడ్డి తలుపు జోలికి వెళ్లేసరికి ఆడవాళ్లంతా ఒక్కటై ఎదురు తిరగడంతో ఆ అంశం పరిశీలనలో ఉంచబడింది. అన్నీ కనబడే కార్యాలయానికి రాష్ట్రస్థాయి అవార్డు ఇస్తామన్నారు. జేడీ గారు దానిమీద కన్నేసి, ఫొటోకి కొత్త కోటు కూడా కుట్టించుకున్నారు.

అవార్డు కోసం మా ఆస్తులు తనిఖీ చేయడానికి ప్రత్యక్ష పరిశీలనాధికారి మురహరి రావు గారు వచ్చి మా ఆఫీసులోనే మకాం పెట్టారు. ఆయన పద్ధతి ఆయనది. ప్రతి వస్తువునూ చూపుడువేలితో తాకి "ఉన్నది" అంటారు. తాకలేకపోతే "లేదు" అంటారు. సీలింగు ఫ్యాన్ల కోసం నిచ్చెనెక్కారు. జేడీ గారిని కూడా పొరపాటున ఒకసారి తాకారని అటెండర్లు చెప్పుకున్నారు.

సరిగ్గా అప్పుడే నా బదిలీ ఉత్తర్వు వచ్చింది. పార్వతీపురం! నెలాఖరులోగా వెళ్లి చేరకపోతే ఉత్తర్వు రద్దయి, ఆ ఖాళీ ఇంకొకరికి పోతుంది. నేను పరుగున బయటికొచ్చి ఇంటికి ఫోను చేశాను.

"నిజంగానేనా?" అంది హైమావతి. "ఎవులైనా ఆట పట్టిస్తన్నారేమో, కాయితం మళ్లీ ఓసారి సూడండి."

మోక్షిత ఫోను లాక్కుంది. "అయితే మంగళారం కూడా వస్తావా శనివారం నాన్నా?"

"మంగళవారం, బుధవారం, అన్ని వారాలూ."

అవతల వారాల పేర్లు ఒక్కొక్కటే లెక్కపెట్టుకోవడం వినబడింది. అన్ని వారాలూ రావడం ఎలా కుదురుతుందా అని ఆలోచిస్తున్నట్టుంది.

నా స్థానంలోకి రత్నమాణిక్యం గారు వచ్చారు. అమలాపురం ఆవిడ, నాకన్నా పెద్దది. నేను ఒక్కో వస్తువూ చూపించడం, ఆవిడ చూసి తీసుకున్నట్టు సంతకం పెట్టడం. అది పూర్తయితేనే నాకు విడుదల. బల్లలయ్యాయి. కుర్చీలయ్యాయి. తేమ కొలిచే గొట్టాలయ్యాయి. చివరికి రాడ్ల దగ్గరికొచ్చాం.

"ఇయ్యెక్కడున్నాయండి?"

"కార్లో ఉన్నాయండి."

"కార్లో ఎక్కడండి?"

బానెట్టు ఎత్తి చూపించాను. ఆవిడ కళ్లజోడు సవరించుకుని వంగి చూశారు. "ఇంజను కనపడతందండి. రాడ్లేయండి?"

"దాని లోపలున్నాయండి."

రత్నమాణిక్యం గారు కలం మూసేశారు. "మీరు మంచోరేనండి, నేను కాదన్ను. కానీ నాకు కనపడందానికి నేను సంతకం ఎట్టనండి. ఒకసారి కనపడని టేబులు ఫ్యానుకి ఎట్టేను. ఇప్పటికీ కల్లోకొస్తంటదండి ఆ ఫ్యాను."

విషయం మురహరి రావు గారి దాకా వెళ్లింది. ఆయన వచ్చి ఇంజను మీద వేలు పెట్టి, "ఇంజను ఉన్నది," అన్నారు. వేలు చుట్టూ తిప్పి చూసి, "రాడ్లు లేవు," అన్నారు.

"అవి లేకపోతే బండి నడవదు కదండీ!" అన్నాను.

"నడచుట సాక్ష్యము కాజాలదు. నడచుచున్న కార్యాలయములు అనేకము కలవు. వాటి లోపల ఏమున్నదో ఎవరు చెప్పగలరు?"

ఇంజను విప్పిద్దామని జేడీ గారిని అడిగితే, "ప్రజాప్రయోజన దృష్ట్యా మేము నిరంతరము ప్రయాణములో ఉండవలసియున్నది," అని ఆ కారెక్కే వెళ్లిపోయారు. తిరిగొచ్చాక ఆయనకే ఒక ఊహ తట్టింది. ఇంజనుకు ఒక పక్క కోసి, గాజు పలక బిగిస్తే? రాడ్లు తిరుగుతూ కూడా కనబడతాయి, పారదర్శకతకు అంతకన్నా నిదర్శనం ఉండదు. ఆ మాట జిలానీకి నేనే మోసుకెళ్లాను.

జిలానీ చేతులు తుడుచుకున్నాడు. "పెట్టొచ్చండి. కానీ స్టార్టు చేసేటప్పుడు ఆ ఐడియా ఇచ్చిన సారుని బానెట్టు దగ్గర నిలబడమనండి. గాజు ఎటెల్లిందో ఆయనే చూసి చెబుతారు."

నేను ఆ జవాబును 'సాంకేతిక కారణాల వల్ల సాధ్యపడదు' అని మార్చి విన్నవించాను.

రోజులు కరిగిపోతున్నాయి. రాడ్లు తేలకపోతే అవార్డు కూడా తేలదని మురహరి రావు గారు సెలవిచ్చాక, జేడీ గారు ఒక్క రోజుకి కారు వదిలారు. జిలానీ ఇంజను దించి, తల విప్పి, అడుగు తొట్టి తీసి, పిస్టన్లతో సహా నాలుగు రాడ్లనూ గోనెపట్టా మీద వరసగా పడుకోబెట్టాడు. అందరం చుట్టూ చేరాం. రాడ్లు తళతళలాడుతున్నాయి. వాటిమీద నంబర్లు లేవు. అతను చెప్పినట్టే నూనె ఎప్పుడో కడిగేసింది.

మురహరి రావు గారు ఒక్కో రాడ్డునూ వేలితో తాకి నిర్ణయం చెప్పారు. "నాలుగు వందల పదకొండు మొదలు పద్నాలుగు వరకు గల రాడ్లు లేవు. సంఖ్యలు లేని రాడ్లు నాలుగు అదనముగా ఉన్నవి. లేనివాటికి సంజాయిషీ ఇవ్వవలెను. ఉన్నవాటికి కూడ ఇవ్వవలెను."

"అవే ఇవండీ," అన్నాను.

"అవే యని రాడ్లు చెప్పుచున్నవా?"

రాడ్లు ఏమీ చెప్పలేదు. మళ్లీ నంబర్లు రాస్తాను, ఆరగానే రత్నమాణిక్యం గారు సంతకం పెడతారని ఒప్పందం కుదిరింది. రాశాను. 411 చివర చుక్క కూడా పెట్టాను. ఇక ఆరడం ఒక్కటే మిగిలింది. ఆ రోజు కాకినాడ గాలిలో తేమ ఆ నెలలోకల్లా ఎక్కువని మా వాళ్లే కొలిచి, మహా ఉత్సాహంగా పై ఆఫీసుకు పంపారు. నేను అట్టముక్కతో రాడ్లకు విసురుతూ కూర్చున్నాను. వేలితో ముట్టుకుంటే ఇంకా అంటుతూనే ఉంది. రత్నమాణిక్యం గారు రెండుసార్లు వచ్చి, తడి చూసి వెనక్కెళ్లారు. అంతలో మర్నాడు విశాఖలో సమావేశమని జేడీ గారికి కబురొచ్చింది. "ఇంజనును తక్షణమే మూసివేయుడు" అన్నారు. తడి నంబర్లతోనే రాడ్లు లోపలికి వెళ్లిపోయాయి.

మర్నాడు జేడీ గారు బయల్దేరుతుండగా రత్నమాణిక్యం గారు బానెట్టు వైపు జాలిగా చూశారు. "నిన్న కనపడ్డాయి గానీ నంబర్లు ఆరలేదండి. ఇయ్యాల ఆరే ఉంటాయి గానీ కనపడట్లేదండి. నేనేం చేసేదండి?"

ఆవిడ మాటలో తప్పేం లేదు. అందుకే నాకు ఒళ్లు మండిపోయింది. తప్పు ఎవరిదో తెలిస్తే తిట్టుకునైనా కడుపుమంట చల్లార్చుకోవచ్చు.

సాయంత్రం హైమావతి ఫోను చేసింది. "సామాన్లన్నీ సర్దీసినారా?"

"సర్దాను. నాలుగు రాడ్లు తప్ప."

ఆమె నవ్వలేదు. "పిల్ల క్యాలెండరు మీద కూకుందండి. సోమారం, మంగళారం అన్నీ కొట్టీసి, అన్నింటిమీదా శనివారం అని రాసీసింది. ఇల్లంతా శనివారాలే అయిపోనాయి. దానికి ఏటని చెప్పమంటారు?"

రేపు ఫోను చేస్తానని చెప్పి పెట్టేశాను.

నెలాఖరు దగ్గరపడింది. పొద్దున్నే మురహరి రావు గారి గదిలోకి దూసుకెళ్లాను. ఆయన కాఫీ తాగుతున్నారు. నా మర్యాదంతా ఆవిరైపోయింది. "ఆ రాడ్లు నా పీకకు చుట్టుకున్నాయండీ! ఒకరికి అప్పగిద్దామంటే కుదరదు, వదిలేసి పోదామంటే కుదరదు. అంతగా అయితే నాతో పాటే వాటినీ పార్వతీపురం తోలేయండి, పీడా పోతుంది!"

ఆయన కాఫీ గ్లాసు కింద పెట్టారు. నా పని అయిపోయిందనుకున్నాను.

"మరల చెప్పుడు," అన్నారు.

ఈసారి మెల్లగా, చేతులు కట్టుకుని చెప్పాను.

మురహరి రావు గారి ముఖంలో నేనెన్నడూ చూడని వెలుగు కనబడింది. "అప్పగింపబడని ఆస్తి సంరక్షకుని వెంట పోవును. సంరక్షకుడు ఎచ్చట నుండునో ఆస్తియు అచ్చటనే యుండవలెను. ఇంత సులభమైన సంగతి ఇన్నాళ్లు మనకు తోచకుండుట విచిత్రము."

ఉత్తర్వు అప్పటికప్పుడే తయారైంది. స్టోర్‌కీపరు తవిటినాయుడును, నాలుగు కనెక్టింగ్ రాడ్లను, వాటి ప్రస్తుత ప్యాకింగుతో సహా పార్వతీపురం శాఖకు విడుదల చేయడమైనదని. జేడీ గారు రెండుసార్లు చదివారు.

"ప్యాకింగనగా?"

"తమ కారు," అన్నారు మురహరి రావు గారు.

జేడీ గారు కుర్చీలోంచి లేచారు. "నా కారు పార్వతీపురమునకు బదిలీయా?"

"కారు బదిలీ కాలేదు. రాడ్లు మాత్రమే వెళ్లుచున్నవి. అవి ప్రస్తుతము కారులో నున్నవి గనుక కారు వాటికి ప్యాకింగు. ప్యాకింగును పదిహేను దినములలో ఖాళీగా వాపసు చేయవలెనని స్పష్టమైన నిబంధన కలదు."

"వాపసు వచ్చును గదా?"

"తప్పక వచ్చును. అదియునుగాక, కనబడని రాడ్లు తమ కార్యాలయము నుండి తొలగిన మరుక్షణము ఇచ్చట సమస్తమును కనబడుచుండును. అవార్డునకు ఇక అడ్డంకి లేదు."

జేడీ గారు గోడకు వేలాడుతున్న కొత్త కోటు వంక చూసి సంతకం పెట్టేశారు. 'ఖాళీగా' అన్న మాట ఆయన పట్టించుకోలేదు. నిజం చెప్పాలంటే నేనూ పట్టించుకోలేదు. అప్పటికి నా మనసు విజయనగరం దాటిపోయింది.

ప్యాకింగుకు డ్రైవరును కేటాయించే నిబంధన లేకపోవడంతో నేనే నడిపాను. బానెట్టు చుట్టూ పురికొస కట్టి లక్క సీలు వేశారు. అద్దం మీద 'లోపల ఆస్తి కలదు' అని కాగితం అంటించారు. టోలు గేటు దగ్గర వాళ్లు ఆ కాగితం చదివి, నన్నొకసారి చూసి, ఏమీ అడక్కుండా కర్ర ఎత్తేశారు. అన్నవరం దగ్గర కోళ్ల వ్యాను ఒకటి కనబడింది. జేడీ గారి తరఫున దాన్ని దాటాను.

ఇంటికి చేరేసరికి సాయంత్రమైంది. మోక్షిత గుమ్మంలో నిలబడి నన్నూ, సీలు వేసిన కారునూ మార్చి మార్చి చూసింది. లోపలికి పరుగెత్తి క్యాలెండరు చూసుకుని మళ్లీ వచ్చింది.

"ఇయాల మంగళారం కదా."

"అవునమ్మా."

"నాను కొట్టీసి శనివారం అని రాసినాను. అందుకే వచ్చినావు," అంది, ధీమాగా.

నేను కాదనలేదు. మా శాఖలో అంతకన్నా తక్కువ ఆధారాలతో ఎన్నో నిర్ణయాలు జరిగాయి.

పార్వతీపురం శాఖలో చేరిపోయాను. అక్కడా పారదర్శకత వచ్చే ఉంది కాబట్టి ఊళ్లో మెకానిక్కు చేత రాడ్లు బయటికి తీయించాం. నంబర్లు రాశాను. ఆ ఊరి గాలికి పెయింటు చూస్తుండగానే ఆరిపోయింది. హాలు మధ్యలో బల్ల మీద ఆకుపచ్చ గుడ్డ పరిచి నాలుగింటినీ పెట్టాం. చుక్క ఉన్నది మొదట. ఇక ప్యాకింగు. ఖాళీ చేసిన ప్యాకింగు నడవదు కాబట్టి లారీ ఎక్కించి గడువులోగా కాకినాడ పంపించాను. 'ప్యాకింగు ఒకటి, మంచి స్థితిలో, ఖాళీగా అందినది' అని రత్నమాణిక్యం గారు రశీదు పంపారు. కనబడింది కాబట్టి సంతకం పెట్టడానికి ఆవిడకు అభ్యంతరం లేకపోయింది.

జేడీ గారికి అవార్డు వచ్చింది. కొత్త కోటులో అది అందుకుని, శాలువా కప్పుకుని, వచ్చి కారెక్కి తాళం తిప్పారట. ఇంజను కాసేపు సన్నగా ఈల వేసి ఊరుకుందట.

ఆ తర్వాత నాలుగో రోజున నాకు జేడీ గారి ఉత్తర్వు అందింది: "సదరు రాడ్లు నాలుగును అత్యవసరముగా కాకినాడకు పంపవలెను. ఆస్తియు సంరక్షకుడును వేరుపడరాదు గనుక సంరక్షకుడును వెంట రావలెను. మరల ఉత్తర్వు వచ్చువరకు అచ్చటనే ఉండవలెను."

ఏ నిబంధనతో నన్ను ఇంటికి పంపారో ఆ నిబంధనతోనే వెనక్కి పిలిచారు. కాగితం ఇంటికి తీసుకెళ్తే హైమావతి చదివి, మడిచి, నా చేతిలో పెట్టింది. మోక్షిత కొత్త క్యాలెండరు అడిగింది, శనివారాలు రాసిన పాతది ఇక పనిచెయ్యట్లేదట. ఆ మాట విన్నాక నాకు ఎక్కడలేని తెగింపు వచ్చింది. ఇన్నేళ్లు ఈ శాఖ భాష విని తలూపాను. ఒక్కసారి అదే భాషలో జవాబెందుకు చెప్పకూడదు? మర్నాడు ఆఫీసులో రాడ్ల ఎదురుగా కూర్చుని రాశాను.

"తమ ఆజ్ఞను శిరసావహించడమైనది. రాడ్లును, వాటి సంరక్షకుడును ప్రయాణమునకు సిద్ధముగా ఉన్నారు. అయితే ఆస్తిని అది వచ్చిన ప్యాకింగులోనే తిరిగి పంపవలెనని నిబంధన. సదరు ప్యాకింగు ప్రస్తుతము తమ వద్ద కలదు. దానిని లారీపై పంపినచో లారీయే ప్యాకింగు అగును గనుక, అది స్వయముగా నడచి రావలెను. కావున ప్యాకింగును వెంటనే నడిపించి పంపవలసినదిగా ప్రార్థన. ప్రతి: ప్రత్యక్ష పరిశీలనాధికారి గారికి."

జేడీ గారి నుంచి ఇంతవరకు సమాధానం లేదు. మురహరి రావు గారు మాత్రం 'నిబంధన సరిగా ఉదహరింపబడినది' అని ఒక వాక్యం రాసి పంపారు. మొన్న రత్నమాణిక్యం గారు ఫోను చేసి క్షేమం అడిగారు. "జేడీ గారు బస్సులో తిరుగుతున్నారండి. మొన్న ఆ బస్సుని కోళ్ల వ్యాను దాటేసిందంటండి. రెండ్రోజులు అన్నం తిన్లేదాయన," అన్నారు.

నేను రోజూ పొద్దున్నే ఆకుపచ్చ గుడ్డ దులిపి రాడ్లు తుడుస్తాను. బడి లేని రోజున మోక్షిత నాతో ఆఫీసుకొచ్చింది. బల్ల చుట్టూ తిరిగి, ఒక్కో రాడ్డునూ మురహరి రావు గారిలాగే వేలితో ముట్టుకుని చూసింది.

"ఇవి ఏటి చేస్తాయి నాన్నా?"

ఉత్త నాన్న అనే పిలిచింది. ముందు వారం పేరేదీ లేదు.

"ఏమీ చెయ్యవమ్మా," అన్నాను. "అవి ఏమీ చెయ్యకుండా ఇక్కడ కూర్చున్నంత కాలం నేను ఇంట్లో ఉంటాను."

మోక్షిత తల ఆడించి, నా చేతిలోంచి గుడ్డ తీసుకుని, 411 చివర చుక్క చెరగకుండా జాగ్రత్తగా తుడిచింది.